వాయు కాలుష్యంపై పోస్ట్‌డాక్: ఆరోగ్యం వైపా, అడవుల వైపా?

పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఒకేసారి తెరిచి ఉండే ట్యాబులు నాకు బాగా తెలుసు. ఒకదాంట్లో పీఎం 2.5కీ (గాలిలోని అతి సన్నటి ధూళి కణాలు) గుండె జబ్బులకీ ఉన్న సంబంధం మీద రెండేళ్ల పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. పక్కదాంట్లో నేల దగ్గరి గాలిలో ఉండే ఓజోన్ వల్ల పంటలకీ అడవులకీ జరిగే నష్టం. ఇంకోదాంట్లో ఉపగ్రహాల డేటాతో కాలుష్యపు మ్యాపులు. అన్నీ వాయు కాలుష్య ప్రభావాల గురించే. అన్నిటికీ మీ సీవీ కొంచెం అటూఇటూగా సరిపోతుంది. అలాంటప్పుడు చాలామంది చేసే పనే నేనూ చేశాను. ఏ సంస్థ పేరు పెద్దదో చూసి దానికే ఓటేశాను.

పేరు నిజంగానే పెద్దది. మనుషులూ మంచివాళ్లే. కానీ లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి రాసిన ఆరోగ్య రికార్డుల్ని (వీటినే కోహార్ట్ డేటా అంటారు) ముట్టుకోవడానికి అనుమతి వచ్చేసరికి పదమూడు నెలలు గడిచాయి. కాంట్రాక్టు మొత్తం ఇరవై నాలుగు నెలలు. మిగిలిన పదకొండు నెలల్లో డేటా శుభ్రం చేయాలి, మోడల్ కట్టాలి, పేపర్ రాయాలి, మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. ఆ పేపర్ అచ్చయ్యేసరికి నేను ఇంకో దేశంలో బీన్స్ మొక్కల ఆకుల మీద చుక్కలు లెక్కపెడుతున్నాను.

అలా ఆరోగ్యం వైపూ, మొక్కలూ అడవుల వైపూ (ఎకాలజీ) పని చేశాక, ఇప్పుడెవరైనా "ఆరోగ్యం తీసుకోనా, ఎకాలజీ తీసుకోనా" అంటే నేను తిరిగి అడిగేది ఒకటే: చేరిన ఎన్నో నెలలో డేటా మీ చేతికొస్తుంది? టాపిక్ ఏదైనా బాగానే ఉంటుంది. పోస్ట్‌డాక్‌కి ఉండేది మాత్రం రెండేళ్లు, మహా అయితే మూడు. అందులో ఎంత భాగం ఎదురుచూడ్డానికి పోతుందన్నది ఒక్కో రకం పనిలో ఒక్కోలా ఉంటుంది. కింద రాసినదంతా ఆ తేడా గురించే.

కోహార్ట్ పని

ఈ రంగంలో ఆరోగ్యం వైపు ఇప్పటికీ అందరూ మొదలుపెట్టేది అమెరికాలోని ఆరు నగరాల అధ్యయనంతోనే. 1970ల మధ్యలో మొదలైంది. ఆరు నగరాల్లో 8,111 మంది పెద్దవాళ్లని 14 నుంచి 16 ఏళ్ల పాటు గమనించారు. డగ్లస్ డాకరీ, ఆర్డెన్ పోప్ తదితరులు 1993 డిసెంబరులో ఫలితం ప్రకటించారు. పొగతాగే అలవాటు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, గాలి అన్నిటికంటే మురికిగా ఉన్న స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు అన్నిటికంటే శుభ్రంగా ఉన్న పోర్టేజ్ కంటే 26 శాతం ఎక్కువ. 1997లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మొదటిసారి పీఎం 2.5కి ప్రమాణం పెట్టడానికి ఈ ఫలితమూ, దాని వెనకే వచ్చిన ఇంకో పెద్ద కోహార్ట్ ఫలితమూ ఆధారం.

ఆ తర్వాత జరిగిందే మన విషయానికి ముఖ్యం. ముడి డేటా బయటపెట్టమని పరిశ్రమల వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. ఆ మనుషులకేమో మీ వివరాలు గోప్యంగా ఉంచుతామని మాటిచ్చి ఉన్నారు. చివరికి బోస్టన్‌లోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా వేరే శాస్త్రవేత్తల బృందం డేటా మొత్తం తిరగేసి, 2000లో పాత ఫలితం సరైనదేనని తేల్చింది. ఒక్క డేటాసెట్ మీద ఇంత గొడవ జరిగిన రంగం ఇది. అందుకే ఇక్కడ తాళాలు ఎక్కువ.

తాళం అంటే ఎలా ఉంటుందో చెబుతాను. డేటా మీ కంప్యూటర్‌లోకి రాదు, మీరే ఓ సురక్షిత సర్వర్‌లోకి లాగిన్ అవుతారు. అక్కడ ఇంటర్నెట్ ఉండదు, కాపీ పేస్ట్ పనిచేయదు. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో ఒక కొత్త ప్యాకేజీ కావాలంటే రిక్వెస్ట్ పెట్టి వారం ఆగాలి. ఫలితాల టేబుల్ బయటికి తెచ్చుకోవాలంటే ఇంకో మనిషి చూసి ఒప్పుకోవాలి. నేను మొదటిసారి పంపిన టేబుల్ నాలుగు రోజులకి వెనక్కొచ్చింది. 85 ఏళ్లు దాటిన ఆడవాళ్లు, ఆస్తమా, ఒక చిన్న జిల్లా - ఆ గడిలో ఉన్నది ముగ్గురే. ముగ్గురైతే ఎవరో ఒకరు గుర్తుపడతారు. వయసు వర్గాలు కలిపి మళ్లీ పంపాను. ఇంకో ఎనిమిది రోజులు. ఒక టేబుల్‌కి పన్నెండు రోజులన్నమాట. ఆ నియమం తప్పని నేను అనను, ఆ ముగ్గురిలో మా అమ్మ ఉంటే నేనూ అదే కోరుకుంటాను. కానీ ఆ పన్నెండు రోజులు మీ ఇరవై నాలుగు నెలల్లోంచే పోతాయని లెక్కేసుకోవాలి.

మరి ఎందుకు చేరాలి? ఇక్కడ దొరికే ప్రశ్నలు ఇంకెక్కడా దొరకవు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 వార్షిక మార్గదర్శకాన్ని ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల నుంచి 5కి దించింది. నైట్రోజన్ డయాక్సైడ్‌ది 40 నుంచి ఒకేసారి 10కి వచ్చింది. "కాలుష్యం తక్కువ ఉన్న చోట కూడా హాని ఉందా" అనే ప్రశ్నకి జవాబు వెనక అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ రికార్డులు, కెనడా, యూరప్ కోహార్ట్‌లు పనిచేశాయి. అంత తక్కువ స్థాయిల్లో తేడా చిన్నది, దాన్ని పట్టుకోవాలంటే లక్షల్లో, కోట్లలో మనుషులు కావాలి. కార్చిచ్చు పొగ మామూలు పీఎం 2.5 లాంటిదేనా? కణాల్లో మసి ఎంత, సల్ఫేట్ ఎంత అన్నదాన్ని బట్టి హాని మారుతుందా? ఇవి ఇంకా తేలని ప్రశ్నలు. గణాంకాల్లో చెయ్యి తిరిగినవాళ్లు రెండు నెలలు ఆలోచించినా విసుగు రానివి.

ఇంకో మాట. పెద్ద కోహార్ట్‌ల కూటముల్లో ఒక్కో పేపర్‌కి ముప్ఫై, నలభై మంది రచయితలు ఉండటం మామూలు. రాయబోయే పేపర్‌కి ముందే ప్రతిపాదన పంపి కమిటీ చేత ఒప్పించుకోవాలి. మొదటి పేరు మీదే అయినా, అందరి కామెంట్లు వచ్చేసరికి ఇంకో రెండు నెలలు.

తాళాలు లేని ఆరోగ్యం కూడా ఉంది

ఆరోగ్యం అంటే కోహార్ట్ ఒక్కటే కాదు. రోజుకి ఎంతమంది చనిపోయారు, ఎంతమంది ఆసుపత్రిలో చేరారు అన్న లెక్కలని ఆ రోజు గాలితో పోల్చే టైమ్ సిరీస్ పనికి మనుషుల పేర్లు, అడ్రసులు అక్కర్లేదు. సంఖ్యలు చాలు, అవి త్వరగా దొరుకుతాయి. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ నడిపించే అనేక దేశాల, అనేక నగరాల నెట్‌వర్క్ ఇలా 652 నగరాల డేటాతో 2019లో ఒక పెద్ద పేపర్ వేసింది.

నాకు వ్యక్తిగతంగా ఇంకా ఇష్టమైనవి "అనుకోకుండా జరిగిన ప్రయోగాలు". 1986-87లో అమెరికాలోని యూటా లోయలో ఉక్కు కర్మాగారం కార్మిక వివాదం వల్ల ఏడాదికి పైగా మూతపడింది. ఆ చలికాలం పిల్లలు శ్వాసకోశ జబ్బులతో ఆసుపత్రిలో చేరడం బాగా తగ్గింది, కర్మాగారం తెరవగానే మళ్లీ పెరిగింది. దాన్ని గమనించి పేపర్ రాసింది కూడా ఆర్డెన్ పోపే. 1990లో డబ్లిన్‌లో బొగ్గు అమ్మకం నిషేధించారు, 2008 ఒలింపిక్స్ కోసం బీజింగ్‌లో ఫ్యాక్టరీలు, కార్లు ఆపారు. ఇలాంటి సందర్భం మీద ఇప్పటికే డేటా పట్టుకుని కూర్చున్న గ్రూప్ దొరికితే, దాని పేరు ఎవరికీ తెలియకపోయినా చేరిపోండి. ఏడాదిలో పేపర్ బయటికొస్తుంది. ఒక జాగ్రత్త: డబ్లిన్ ఫలితాన్ని ఆ తర్వాత మళ్లీ లెక్కేస్తే, మొత్తం మరణాల తగ్గుదలలో కొంత నిషేధంతో సంబంధం లేకుండా అప్పటికే సాగుతున్న తగ్గుదలే అని తేలింది. పోల్చుకోవడానికి ఆ మార్పు జరగని ఇంకో చోటు (కంట్రోల్ గ్రూప్) లేకుండా ముందూ వెనకా మాత్రమే పోల్చే ప్రాజెక్టు అయితే, పేపర్‌ని పరిశీలించే రివ్యూయర్లు వదలరు.

మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి పలచబరిచిన డీజిల్ పొగ పీల్పించి రక్తనాళాల స్పందన చూసే ప్రయోగాలు స్వీడన్‌లోని ఉమియోలో, కెనడాలో వాంకూవర్‌లో ఏళ్లుగా జరుగుతున్నాయి. కారణం ఏదో తేల్చడంలో వీటికి సాటి లేదు. అయితే ఎథిక్స్ అనుమతి అప్పటికే చేతిలో ఉన్న ప్రాజెక్టయితేనే వెళ్లండి. వలంటీర్లని వెతుక్కోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలంటే రెండేళ్లు చాలవు.

ఇక బెన్‌మ్యాప్, ఎయిర్‌క్యూ ప్లస్ లాంటి సాఫ్ట్‌వేర్లతో "ఈ నగరంలో ఇంతమంది అకాల మరణాలు" అని లెక్కగట్టే పోస్టులు. పేపర్లు త్వరగా వస్తాయి. కానీ వాటిల్లో వాడే హాని సమీకరణం వేరేవాళ్లది, జనాభా లెక్క వేరేవాళ్లది, కాలుష్యపు లెక్క ఇంకెవరిదో. గుణకారం మాత్రం మనది. విధాన సలహా రంగంలోకి వెళ్లాలనుకునేవాళ్లకి సరే. పరిశోధకుడిగా పేరు తెచ్చుకోవాలంటే రెండేళ్లూ అక్కడే ఖర్చు పెట్టొద్దని నా అభిప్రాయం.

మ్యాపులు గీసేవాళ్లు

ఎక్కడివాళ్లు ఎంత కాలుష్యం పీలుస్తున్నారో లెక్కగట్టే ఎక్స్‌పోజర్ మోడలింగ్‌లో డేటా మొదటి రోజే చేతికొస్తుంది. సెంటినెల్-5పీ ఉపగ్రహం మీదున్న ట్రోపోమీ పరికరం 2017 అక్టోబరు నుంచి ఆకాశంలో ఉంది, దాని నైట్రోజన్ డయాక్సైడ్ డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆసియా మీద 2020లో కొరియా పంపిన జెమ్స్, ఉత్తర అమెరికా మీద 2023 ఏప్రిల్‌లో నాసా పంపిన టెంపో పగటిపూట గంట గంటకీ కొలుస్తున్నాయి. పైథాన్ బాగా వచ్చి, వాతావరణ రసాయనం కొంచెం తెలిసినవాళ్లకి ఇది అన్నిటికంటే భద్రమైన ఎంపిక. ఆ నైపుణ్యంతో యూనివర్సిటీ బయట కూడా ఉద్యోగాలున్నాయి.

ప్రమాదం వేరే చోట ఉంది. మీరు మ్యాప్ గీస్తారు, దాన్ని ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల లెక్కలు చూసే శాస్త్రం) వాళ్లు వాడుకుని పేపర్ వేస్తారు, రచయితల వరసలో మీ పేరు మధ్యలో ఎక్కడో ఏడోదిగా ఉంటుంది. అలా పది పేపర్లున్న సీవీ చూసి "ఇందులో నీ ప్రశ్న ఏది" అని ఇంటర్వ్యూలో అడిగితే జవాబుండదు. అందుకే ఇలాంటి ప్రకటన చూసినప్పుడు క్రియాపదాలు గమనించండి. "లీడ్" అని ఉందా, "సపోర్ట్" అని ఉందా? "సపోర్ట్" రెండుసార్లు కనిపిస్తే, కనీసం ఒక ఆరోగ్య ప్రశ్న లేదా ఎకాలజీ ప్రశ్న మీ పేరు మీద ఉంటుందని ముందే రాయించుకోండి.

ఆకుల దగ్గర

ఎకాలజీ వైపు వెళ్తే మొదట అనిపించే హాయి: చెట్టుకి ప్రైవసీ లేదు. సంతకాలు లేవు, గడిలో ముగ్గురే ఉన్నారన్న తంటా లేదు. అమెరికాలో వాన నీటి రసాయనాన్ని 1978 నుంచి వారం వారం కొలుస్తున్న నేషనల్ అట్మాస్ఫెరిక్ డిపోజిషన్ ప్రోగ్రామ్ డేటా మొత్తం ఆన్‌లైన్‌లో ఉంది. యూరప్‌లో 1985లో మొదలైన ఐసీపీ ఫారెస్ట్స్ అడవుల ఆరోగ్యాన్ని ఏటా నమోదు చేస్తోంది, కారణం రాసి అడిగితే ఇస్తారు.

నేను చేసింది ఓజోన్ పని. ఓజోన్ దెబ్బ ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మరిచిపోలేరు. ఆకు పైవైపు, ఈనెల మధ్య మాత్రమే, సూదితో పొడిచినట్టు సన్నటి గోధుమ రంగు చుక్కలు. ఈనె మీద ఒక్కటీ ఉండదు. ఆకు తిప్పితే కిందివైపు శుభ్రంగా ఉంటుంది. పురుగో, తెగులో అయితే అలా ఉండదు. ఇందుకోసమే ఎంచిన రెండు రకాల బీన్స్ విత్తనాలున్నాయి: ఎస్156 ఓజోన్‌కి త్వరగా లొంగిపోతుంది, ఆర్123 తట్టుకుంటుంది. రెండిటినీ పక్కపక్కన నాటి కాయల బరువు తూస్తే, తేడాలోంచి గాలిలో ఏముందో తెలుస్తుంది.

దీంట్లో అసలు కిటుకు పత్రరంధ్రాలది, అంటే ఆకు గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలది. పాత పద్ధతి ఏఓటీ40. పగటిపూట ఓజోన్ 40 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో 40 భాగాలు) దాటిన ప్రతి గంటా, ఎంత దాటిందో కూడుకుంటూ పోతారు. పంటలకి మూడు నెలల్లో 3,000 పీపీబీ గంటలు దాటితే నష్టం మొదలని యూరప్‌లో ఒక హద్దు పెట్టుకున్నారు. కానీ ఎండ మండే పొడి మధ్యాహ్నం చూడండి. గాలిలో ఓజోన్ పతాక స్థాయిలో ఉంటుంది, అదే సమయంలో మొక్క నీళ్లు పోకుండా రంధ్రాలు మూసేసుకుంటుంది. ఓజోన్ బయటే ఉండిపోతుంది. తేమగా, మబ్బుగా, ఓజోన్ ఓ మాదిరిగా ఉన్న రోజు రంధ్రాలు బార్లా తెరిచి ఉంటాయి, లోపలికి పోయేది ఎక్కువ. అందుకే ఇప్పుడు లెక్క లోపలికి పోయిన డోసు మీదికి మారింది, దాన్ని పీఓడీ అంటారు. ఆ లెక్కకి ఒక్కో జాతి మొక్క రంధ్రాలు వేడికి, వెలుతురికి, తేమకి ఎలా స్పందిస్తాయో కొలిచి ఉండాలి. యూరప్ పంటలకి, చెట్లకి చాలావరకు కొలిచారు. ఉష్ణమండలపు జాతులకి కొలిచింది చాలా తక్కువ. వృక్ష శరీరధర్మం తెలిసినవాళ్లకి ఇంత పెద్ద ఖాళీ ఆరోగ్యం వైపు ఇప్పుడు కనిపించదు.

నగరం మధ్యలో పెట్టిన మానిటర్‌లో ఉన్నదీ, తలుపులు వేసుకుని ఇంట్లో ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయేదీ ఒకటి కాదన్నది ఎపిడెమియాలజీలో పాత తలనొప్పి. ఆకు దగ్గర ఉన్నదీ అదే తలనొప్పి. నేను ఇటు నుంచి అటు మారగలిగానంటే దానివల్లే. మారాలనుకుంటే మీ దరఖాస్తులో మొదటి పేరాలోనే ఈ సంగతి రాయండి, "రంగం మారుతున్నాడేమిటి" అన్న అనుమానం సగం తీరిపోతుంది.

డేటాకి తాళం లేదన్నాను గానీ, ఇక్కడ అడ్డుపడేది రుతువు. ఉత్తరార్ధగోళంలో పంట కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు అనుకుందాం. అక్టోబరులో చేరితే ఇరవై నాలుగు నెలల్లో రెండు నిండు సీజన్లు దొరుకుతాయి, ముందు శీతాకాలమంతా పరికరాలు సరిచేసుకోవచ్చు. జూన్‌లో చేరితే? ఆ ఏటి నాట్లు అప్పటికే అయిపోయాయి. వచ్చే ఏడాది ఒక నిండు సీజన్. ఆ పై ఏడాది ఏప్రిల్‌లో మళ్లీ నాటుతారు, మే చివరికి మీ కాంట్రాక్టు అయిపోతుంది. ఒకే జీతం, ఒకే ప్రాజెక్టు, చేరిన నెల వల్ల సగం డేటా. ఒక్క సీజన్ ఫలితాన్ని మంచి జర్నళ్లు సాధారణంగా తీసుకోవు, "ఆ ఏడాది వాతావరణం వల్లేమో" అంటారు. నా రెండో సీజన్‌లో ఓ జులై రాత్రి ఓజోన్ జనరేటర్ ఆగిపోయింది, స్పేర్ పార్ట్ వచ్చేసరికి నాలుగు రోజుల డోసు పోయింది.  మొదటి సీజన్ చేతిలో లేకపోతే నాకు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

అందుకే పొలంలో ప్రయోగం చేయబోయేవాళ్లకి నా సలహా: ఇప్పటికే నడుస్తున్న సైట్ చూసుకోండి. అమెరికాలో ఇల్లినాయిలోని సోయ్‌ఫేస్ అనే ప్రయోగ క్షేత్రంలో ఈ శతాబ్దం మొదటి నుంచీ ఆరుబయట సోయా చుట్టూ పైపుల ద్వారా ఓజోన్ వదిలి చూస్తున్నారు. అలాంటి చోట పైపులు వేయడం మీ పని కాదు.

లేదా ఎప్పుడో మొదలుపెట్టిన ప్రయోగాల్లోకి వెళ్లండి. ఇంగ్లండ్‌లో రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలోని పార్క్ గ్రాస్ గడ్డి మైదానంలో 1856 నుంచి మడులకి రకరకాల ఎరువులు వేస్తూ ఏ మొక్కలు మిగిలాయో చూస్తున్నారు. కోసిన గడ్డి నమూనాలు ఇప్పటికీ దాచి ఉన్నాయి. గాలిలోంచి పడే నైట్రోజన్ తగ్గాక, ఎరువు ఆపేసిన మడుల్లో మొక్కల వైవిధ్యం తిరిగి కోలుకుందని 2015లో అక్కడి నుంచే పేపర్ వచ్చింది. న్యూహాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1963లో జీన్ లైకెన్స్ బృందం వాన నీటిని పరీక్షించి అందులోని ఆమ్లాన్ని గుర్తించింది. 1999లో ఒక వాగు పరీవాహక ప్రాంతం మొత్తానికి హెలికాప్టర్‌తో కాల్షియం ఖనిజం చల్లి, ఆమ్ల వాన లాక్కుపోయింది తిరిగిస్తే అడవి ఏం చేస్తుందో చూశారు, ఇంకా చూస్తున్నారు. ఇలాంటి చోట పోస్ట్‌డాక్ దొరికితే మీ కోసం వేరేవాళ్లు తరాలుగా ఎదురుచూసి పెట్టారన్నమాట.

నైట్రోజన్, అమ్మోనియా పని క్రిటికల్ లోడ్ అనే భావన చుట్టూ తిరుగుతుంది: ఎంతవరకు పడితే ఆ నేల తట్టుకుంటుంది? స్ఫాగ్నం నాచు పెరిగే బురద నేలలకి అది ఏడాదికి హెక్టారుకి 5 నుంచి 10 కిలోల నైట్రోజన్ మాత్రమే. చెట్ల బెరడు మీది లైకెన్‌లకి (శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే జీవులు) అమ్మోనియా ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రాము దాటితే చాలు, జాతులు మారిపోవడం మొదలవుతుంది. మ్యాపులూ, మట్టి రసాయనమూ కలిపి చేసే ఈ పనికి సీజన్ బెడద తక్కువ.

దాచకుండా చెప్పాలంటే, ఎకాలజీ వైపు డబ్బు తక్కువ, పర్మనెంట్ పోస్టులూ తక్కువ. ఒక జర్నల్ ఎడిటర్‌కి పీఎం 2.5, మరణాలు అంటే కలిగే ఆసక్తి లైకెన్ అంటే కలగదు. ఆ సంగతి తెలిసి దిగండి.

రెండూ కలిసే చోటు

అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్‌లో ప్రమాణాలు రెండు రకాలు. ప్రైమరీ అంటే మనుషుల ఆరోగ్యానికి, సెకండరీ అంటే మొక్కలు, నేలలు, నీళ్లు, దూరం కనబడటం లాంటి వాటికి. యూరప్‌లో వాయు కాలుష్యంపై 1979 జెనీవా ఒప్పందం ఆమ్ల వానతో మొదలై, 1999 గోథెన్‌బర్గ్ ప్రోటోకాల్‌తో ఒకే లెక్కలో ఆరోగ్యాన్నీ పర్యావరణాన్నీ పెట్టింది. ఆస్ట్రియాలోని ఐఐఏఎస్ఏ సంస్థ గెయిన్స్ అనే మోడల్ ఈ పనే చేస్తుంది: ఏ దేశం ఏ కాలుష్యాన్ని ఎంత తగ్గిస్తే ఎన్ని ప్రాణాలు, ఎంత అడవి, ఎంత ఖర్చు. రెండు వైపులా ఆసక్తి ఉండి దేన్నీ వదులుకోలేనివాళ్లకి ఇలాంటి చోటు సరిపోతుంది. కానీ మొదటి పోస్ట్‌డాక్‌గా కాదు, రెండోదిగా. ముందు ఏదో ఒకదాంట్లో చెయ్యి కాలి ఉండాలి, లేకపోతే మోడల్ ఇచ్చే అంకెల్లో ఏది నమ్మాలో తెలియదు.

జీతం ఎటు నుంచి వస్తుంది

ఇది చాలామంది చివర్లో చూస్తారు, ముందే చూడాలి.

ప్రొఫెసర్ గ్రాంట్ మీద చేరితే ప్రాజెక్టు అప్పటికే నడుస్తుంటుంది, అనుమతులు వచ్చేసి ఉండే అవకాశం ఎక్కువ. అడగాల్సింది గ్రాంట్‌లో ఎన్ని నెలలు మిగిలాయన్నది. మూడేళ్ల గ్రాంట్‌లో రెండో ఏడాది చివర్లో పిలిచి "పొడిగింపు వస్తుంది లెండి" అంటే, రాదనుకునే లెక్కేసుకోండి.

సొంత ఫెలోషిప్ అయితే ప్రశ్న మీది. యూరప్ మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి గడువు సాధారణంగా సెప్టెంబరులో, ఫలితం మరుసటి ఏడాది మొదట్లో. వెళ్లబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. పోటీ విపరీతంగా పెరిగింది, 2025లో 17 వేలకి పైగా దరఖాస్తులు వచ్చాయి. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్‌కి పీహెచ్‌డీ పూర్తయిన నాలుగేళ్లలోపు ఎప్పుడైనా దరఖాస్తు చేయొచ్చు, ఆతిథ్యమిచ్చే ప్రొఫెసర్‌ని మీరే వెతుక్కోవాలి. ఈ ఫెలోషిప్‌ల ఆలస్యంలో ఒక లాభం దాగుంది. ఫలితం కోసం ఎదురుచూసే ఆ నెలల్లోనే కోహార్ట్ డేటా అనుమతికి అర్జీ పెట్టించండి. ఫెలోషిప్ వచ్చేనాటికి తాళం సగం తెరుచుకుని ఉంటుంది. రాకపోయినా పోయేదేమీ లేదు. నా పదమూడు నెలల్లో కనీసం ఆరు ఇలా ముందే గడిచిపోయి ఉండేవి, ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వాళ్ల కే99 అవార్డుకి పౌరసత్వం అక్కర్లేదు, పోస్ట్‌డాక్ మొదలుపెట్టిన నాలుగేళ్లలోపు దరఖాస్తు చేయాలి. తర్వాత సొంత ల్యాబ్‌కి కూడా డబ్బు వెంట వస్తుంది కాబట్టి ఆరోగ్యం వైపు ఇంతకన్నా మంచి వంతెన లేదు. ప్రభుత్వ ల్యాబుల్లో ఓరైజ్ అనే శిక్షణ కార్యక్రమం ద్వారా తీసుకునే పోస్టుల్లో మీరు ఉద్యోగి కాదు, స్టైపెండ్ తీసుకునే శిక్షణార్థి. చాలా ప్రకటనలకి పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు. 2025 జులైలో ఈపీఏ తన పరిశోధనా విభాగాన్నే ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. దశాబ్దాలుగా ఆరోగ్యం, ఎకాలజీ రెండిటికీ పోస్ట్‌డాక్‌లని పెంచిన చోటది. పాత ప్రకటన వెబ్‌లో ఇంకా కనిపిస్తున్నా, గైడ్‌తో నేరుగా మాట్లాడకుండా ఆశ పెట్టుకోవద్దు.

నేనైతే ఎవరికి ఏది చెబుతాను

గణాంకాలో, ఆర్థికశాస్త్రమో చదివి వచ్చి, ఓపిక ఉన్నవాళ్లకి కోహార్ట్, కానీ డేటా ఒప్పందంలో పేరు చేర్చే పని చేరకముందే మొదలుపెట్టే గ్రూప్ అయితేనే. అదే చదువుతో, రెండేళ్లలో తప్పనిసరిగా పేపర్లు చూపించాల్సిన పరిస్థితి ఉంటే టైమ్ సిరీస్. వాతావరణ శాస్త్రం నుంచి వచ్చినవాళ్లకి మ్యాపులు, ఒక సొంత ప్రశ్న షరతుతో. వృక్షశాస్త్రం నుంచి వచ్చినవాళ్లు ఓజోన్ డోసు పని వదులుకోవద్దు. చిన్న పిల్లలున్నవాళ్లు ఒక సంగతి చూసుకోండి: పొలం పనిలో ప్రతి వేసవీ పోతుంది, కొన్ని దేశాల ఆరోగ్య రిజిస్టర్లకి ఆ దేశంలో ఉండి మాత్రమే లాగిన్ అవ్వగలరు. ఇంటి నుంచి పని అన్నది ఈ రెండు చోట్లా ప్రకటనలో రాసినంత తేలిక కాదు.

ఆఫర్ వచ్చాక, సంతకానికి ముందు, గైడ్‌కి ఒక చిన్న మెయిల్ రాయండి. డేటా లేదా సైట్ నాకు ఏ నెలలో అందుబాటులోకి వస్తుంది? అనుమతి పత్రాలు ఇప్పుడు ఏ దశలో ఉన్నాయి? ఇక్కడ పనిచేసి వెళ్లిన చివరి ఇద్దరితో మాట్లాడొచ్చా? అని మూడే ప్రశ్నలు. "త్వరలోనే" అని జవాబొస్తే మళ్లీ అడగండి, ఏమీ అనుకోరు. ఆ చివరి ఇద్దరిని మాత్రం ఫోన్‌లోనే పట్టుకోండి, మెయిల్‌లో అందరూ మర్యాదగానే రాస్తారు. వాళ్లని అడగాల్సింది గైడ్ స్వభావం గురించి కాదు, మొదటి టేబుల్ బయటికొచ్చింది ఎన్నో నెలలో అని. పొలం పనైతే, చేరే తేదీని అక్టోబరుకి జరపమని కారణంతో సహా అడగండి. సీజన్ లెక్క రాసి పంపితే, ప్రయోగం తెలిసిన ఏ గైడ్ అయినా కాదనడం నేను చూడలేదు.